తలంటు – దాని పూర్వకథ

నూనె అను తెలుగుమాటను విడదీసినచో రెండు ముక్కలగును. మొదటిది నువ్వు, రెండవది నెయ్యి. నువ్వులనుండి తీసిన నెయ్యి గనుక నూనె యైనది. అరవవారి ఎణ్ణెయ్ అను మాటయు ఇట్టిదే; వారి ఎళ్ మన నువ్వు. సంస్కృతమున తిల శబ్దమునుండి తైలము పుట్టినది. పిమ్మట కొబ్బరినూనె యనియు, వేరుసెనగనూనె యనియు ఆ పేరును అన్నింటికిని తగిలించితిమి కాని, మొదట నూనె యనిన నువ్వులదే. ఈ చిన్న భాషావిశేషమును ముందుగా చెప్పుటకు కారణము కలదు. మనవారు వెండ్రుకలను పోషించుకొనిన విధానమున కంతటికిని మూలద్రవ్యము ఈ నూనెయే. కుంకుడురసము, సీకాయపొడి దాని వెనుక నడచునవి. నేడు ప్రకృతిసిద్ధమైన కేశపోషణము అనగనే ఆకుల పేర్లు, కాయల పేర్లు, పొడుల పేర్లు ఏకరువు పెట్టుట వాడుకయైనది. పేర్లతో పని తీరదు. ఏది ముందు, ఏది వెనుక అను క్రమములోనే దాని బలమంతయు నున్నది. ఆ క్రమము ఎట్లు ఏర్పడినది, ఎట్లు చెదరినది, ఎవరికి దక్కినది, ఎవరికి దక్కకపోయినది అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

వైద్యగ్రంథములతో ఆరంభింతము. చరకసంహిత సూత్రస్థానమున ఐదవ అధ్యాయములో దినచర్యను గూర్చిన భాగము కలదు. ప్రతిదినమును తలకు నూనె పట్టించుకొనువానికి తలనొప్పి కలుగదనియు, బట్టతలయు నెరయు రావనియు, వెండ్రుకలు రాలక, కుదుళ్ళు గట్టిపడి, నల్లగా పొడవుగా పెరుగుననియు అందు చెప్పబడినది. ఇందు కొంత అతిశయోక్తి యున్నదని నేటి వైద్యుడు తప్పక అనును. బట్టతల చాలవరకు తల్లివైపునుండియు తండ్రివైపునుండియు సంక్రమించు గుణము. దానిని ఏ నూనెయు ఆపజాలదు. కాని అదే సంప్రదాయమున తరువాత వచ్చిన వాగ్భటుని అష్టాంగహృదయమును చూడుడు. ఒడలంతటికిని నూనె రాచుకొనవలెను, విశేషించి తలకు, చెవులకు, పాదములకు అని చెప్పి, వెంటనే కఫదోషము గలవారికిని, అజీర్ణము గలవారికిని, శోధనచికిత్స చేయించుకొనినవారికిని అది కూడదని హద్దు గీచెను. వేడినీరు దేహపు క్రిందిభాగమున పోసికొనిన బలకరము, అదే నీరు తలపై పోసికొనిన వెండ్రుకలకును కన్నులకును బలహాని అనియు వచించెను. ఈ మాట నాకు చరకుని వాగ్దానముకంటె విలువైనదిగా తోచును. ఎవరికి మేలు, ఎవరికి కీడు, నీరెంత వెచ్చన అని విడదీసి చూచినవాడే పరిశీలకుడు. సుశ్రుతుడు దువ్వెనను సైతము విడువలేదు. దుమ్మును, పేలను, మురికిని తొలగించి వెండ్రుకలకు మేలుచేయునది దువ్వెన యని చికిత్సాస్థానమున వ్రాసెను. పేలదువ్వెనకు ఇంతటి శాస్త్రగౌరవము కలదని తెలిసినచో మన బాలికలు దానిని చూచి పరుగెత్తకుందురేమో.

ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుని పేరు వినగనే మనకు జ్యోతిషము జ్ఞప్తికి వచ్చును. ఆయన బృహత్సంహితలో గంధయుక్తి యను అధ్యాయము కలదు. అది నెరసిన వెండ్రుకలతో మొదలగును. తల తెల్లబడినవానికి పూలదండలు గాని, పరిమళములు గాని, వస్త్రాభరణములు గాని శోభింపవు. కావున నగలయందువలె తల నలుపుచేసికొనుటయందును శ్రద్ధ యుండవలెనని ముందు చెప్పి, పిమ్మట ఆ విధానమును తెలిపెను. అరికెబియ్యమును ఇనుపపొడితో చేర్చి, పులిసిన కాడిలో ఉడికించి, మెత్తగా నూరి, పులుపుతో తడిపిన తలకు పట్టించి, పచ్చియాకులతో కప్పవలెను. రెండుజాములు గడచిన పిదప దానిని తీసివేసి, ఉసిరికముద్దను పట్టించి, మరల ఆకులు కప్పవలెను. ఇంకొక రెండుజాములకు కడిగినచో తల నల్లబడును. జాము మూడు గంటలు. అనగా మొత్తము పండ్రెండు గంటల పని. ఆ తరువాత ఇనుపవాసనయు పులుపువాసనయు పోవుటకు పరిమళద్రవ్యములతో తల కడుగుకొనవలెను.

ఈ విధానమును వినినవెంటనే మన పాతబడుల సిరాబుడ్డి నాకు గుర్తునకు వచ్చును. కరక్కాయల కషాయమును అన్నభేదితో కలిపి సిరా కాచుట మనవారు బాగుగా ఎరుగుదురు. కరక్కాయలో వగరు ఉన్నది, అన్నభేది ఇనుపలవణము. వగరును ఇనుమును కలసిన నల్లని వర్ణము పుట్టును. వరాహమిహిరుడు చెప్పినదియు ఇదియే. పులుపు ఇనుమును కరగించి లవణముగా మార్చును. ఉసిరికలోని వగరు దానితో కలసి నలుపును వెండ్రుకపైననే పుట్టించును. నేడు మన యిండ్లలో గోరింటాకుపొడిని ఇనుపమూకుడులో రాత్రియంతయు నానబెట్టుట ఈ విద్యకు మిగిలిన తునకయే. ఎందుకు ఇనుపమూకుడే కావలెనని యడిగినచో, పెద్దలు అట్లు చేయుదురనియే చాలమంది చెప్పుదురు. పెద్దలు ఊరకనే చేయలేదు.

రాజుల స్నానములను గూర్చి వ్రాతలు మిక్కుటముగా దొరకును. తెలంగాణమును కూడ ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దపు తొలిభాగమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు రాజు అనుభవింపవలసిన భోగములలో స్నానభోగ మొకటి. పూలవాసన కట్టిన నువ్వులనూనె, దానిని మర్దించుటకు బలిష్ఠులైన మల్లులు, వేరుగా స్నానగృహము, అన్నియు అందు వర్ణింపబడినవి. నాలుగువందల యేండ్ల పిమ్మట, సుమారు 1520వ సంవత్సరప్రాంతమున, దొమింగో పేయిష్ అను పోర్చుగీసువాడు విజయనగరమును దర్శించి కృష్ణదేవరాయల దినచర్యను వ్రాసిపెట్టెను. రాయలు తెల్లవారకమునుపే లేచి, కొంత నువ్వులనూనెను త్రాగి, మిగిలినదానిని ఒడలంతటను పట్టించుకొని, మట్టిబరువులు ఎత్తి, కత్తిసాము చేసి, ఆ నూనె యంతయు చెమటతో వెలికి వచ్చువరకు శ్రమించెడివాడట. తరువాత కుస్తీ, గుఱ్ఱపుస్వారి, అటుపిమ్మటనే స్నానము. రాజు గనుక ఇంతగా వ్రాసిరి. నూనె అలంకారము కాదు, అది వ్యాయామముతోను ఆహారముతోను ముడిపడినదని మనము దీనివలన గ్రహింపవచ్చును.

సామాన్యగృహముల తలంటును గూర్చి ఎవ్వరును ఇట్లు వ్రాయలేదు. అది వ్రాతకు ఎక్కలేదు, చేతులలో నిలిచినది. శుక్రవారము స్త్రీలది, శనివారము పురుషులది. ఉగాదికి, నరకచతుర్దశికి, భోగికి ఇంటిల్లిపాదికిని తలంటు. తెల్లవారకమునుపే పొయ్యిపై కాగు ఎక్కును. పీటవేసి పిల్లవానిని కూర్చుండబెట్టి, అరచేత నూనె తీసికొని, మొదట మాడుకు పెట్టి, పిమ్మట కుదుళ్ళవెంట వ్రేళ్ళతో మర్దించుదురు. ఒడలికి నలుగుపిండి. నూనె కొంతసేపు ఇంకనిచ్చి, కుంకుడురసముతో రెండు విడతలుగా రుద్ది, గోరువెచ్చని నీరు పోయుదురు. కన్నులు మండినవని పిల్లవాడు కేకపెట్టిన, నోటిలో ఒక ఉప్పుకల్లు వేయుట. ఉప్పుకల్లునకును కంటిమంటకును సంబంధమేమో నాకు బోధపడలేదు గాని, కేక మాత్రము ఆగును. పిమ్మట తల తుడిచి, సాంబ్రాణిపొగపై జుట్టును ఆరబోసి, చిక్కు తీసి, జడ అల్లుట.

తలంటుకొనుట అనుటకంటె తలంటిపోయుట అనుటయే తెలుగునకు సహజము. ఒకరు కూర్చుండవలెను, ఒకరు పోయవలెను. తల్లి బిడ్డకు, అత్త కోడలికి, అక్క చెల్లెలికి, దీపావళికి వచ్చిన అల్లునికి అత్తవారింటివారు. ఒక్కొక్క తలకు గంటకు తక్కువ పట్టదు. జుట్టు మెత్తగా నుండుటకు కారణమేమని విచారించినచో కుంకుడుకాయతో పాటు ఆ గంట కాలమును, ఆ రెండవ మనిషి చేతులను కూడ లెక్కలో చేర్చవలెను.

కుంకుడుకాయ చేయు పనిని కొంచెము వివరింతును. కాయను దంచి, లోపలి నల్లని గింజను తీసివేసి, పైతొక్కను వేడినీట నానబెట్టి పిసికినచో నురుగు పుట్టును. ఆ నురుగునకు మూలము ఆ తొక్కలోని ఒక పదార్థము. దానిని శాస్త్రజ్ఞులు సపోనిన్ అందురు. సీకాయలోనిదియు అట్టిదే. కుంకుడుజాతికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన సపిండస్ అను పేరే సబ్బు, ఇండియా అను రెండు లాటినుమాటల కూర్పు. ఈ పదార్థపు అణువునకు ఒక కొస నీటిని కోరును, ఒక కొస జిడ్డును కోరును. జిడ్డును పట్టుకొనిన కొసతో మురికిని లాగి, నీటిని కోరు కొసతో దానిని కొట్టుకొనిపోవును. సబ్బు చేయు పనియు ఇదియే. భేదమెక్కడ నున్నదనిన, సబ్బు క్షారగుణము గలది. కుంకుడురసము, సీకాయనీరు కొంచెము పులుపుగుణము గలవి. వెండ్రుకను సూక్ష్మదర్శినిక్రింద చూచినచో దాని పైపొర పెంకుటింటి కప్పువలె ఒకదానిపై నొకటి పేర్చిన పొలుసులతో నుండును. క్షారము తగిలిన ఆ పొలుసులు లేచి నిలుచును. వెండ్రుక గరుకై ఒకదాని నొకటి పట్టుకొని చిక్కుపడును. పులుపు తగిలిన అణగి యుండును. అప్పుడే మెత్తదనము, నిగనిగ. ఇంకొక భేదము. చౌటినీరు గల గ్రామములలో సబ్బు నీటిలోని సున్నముతో కలసి విరిగి తెట్టెకట్టి జుట్టును పట్టుకొనును. కుంకుడుకు ఆ బెడద లేదు. పట్టుచీరను, బంగారునగను మనవారు కుంకుడురసముతోనే కడుగుట ఊరకనే కాదు. సున్నితమైన వస్తువునకు క్షారము పనికిరాదని అనుభవమున తెలిసినదే.

అయినను కుంకుడు మెత్తనిది కాదు. జిడ్డును అది గట్టిగానే లాగును. నూనె లేని పొడితలపై వట్టి కుంకుడురసము పోసినచో జుట్టు పీచువలె అగును. అందువలననే నూనె ముందు, కుంకుడు వెనుక. కుంకుడు ఎక్కువ జిడ్డును తీసివేయును, వెండ్రుకలోనికి ఇంకిన కొద్దిపాటిది నిలిచియుండును. సీకాయ ఇంతకంటె సౌమ్యము; దానికి మెంతులు, పెసలు, మందారాకు చేర్చి పొడిచేయుట కలదు. మెంతులలోను మందారాకులోను ఉన్న జిగురు వెండ్రుకపై పలుచగా పట్టి జారుడుదనము నిచ్చును. చిక్కు సులభముగా వచ్చును. ఆ ఆకు వెండ్రుకను మొలిపించునని చెప్పువారి మాట వేరు. చిక్కు సులభముగా వచ్చిన వెండ్రుక తెగదు. తెగని వెండ్రుక పొడవుగా కనబడును. ఆ మందున కింతే మహిమ, కాని ఇది తక్కువదియా?

నూనె ముందు పెట్టుటలోని యుక్తి ఇటీవల పరీక్షకు కూడ నిలిచినది. వెండ్రుక నీటిని పీల్చి ఉబ్బును, ఆరినపుడు తగ్గును. ఇట్లు మాటిమాటికి జరిగినచో లోపలి మాంసకృత్తు కొంత కొంతగా కరిగిపోవును. 2003లో ముంబయి పరిశోధకులు కొబ్బరినూనెను, సూర్యకాంతినూనెను, ఖనిజతైలమును పోల్చి చూచి, తలస్నానమునకు ముందు గాని తరువాత గాని పట్టించినపుడు ఈ నష్టమును తగ్గించినది కొబ్బరినూనె యొక్కటియే యని ప్రకటించిరి. దాని అణువులు సన్నగా తిన్నగా నుండుటచే వెండ్రుకలోనికి దూరగలవట. ఆ పరిశోధకులు కొబ్బరినూనె నమ్ము సంస్థకు చెందినవారే యన్న మాటను మరువరాదు. అయినను వారు చూపిన కారణము యుక్తియుక్తముగనే యున్నది. కోనసీమలో కొబ్బరినూనె, మెట్టప్రాంతములలో ఆముదము, తక్కినచోట్ల నువ్వులనూనె వాడినవారు ఈ పరీక్షలు చేయలేదు. తమ పొలమున పండినదానిని గానుగ ఆడించుకొని తెచ్చుకొనిరి.

ఇక షాంపూ అను మాటకు వత్తము. ఇది ఇంగ్లండునుండి మనకు వచ్చిన మాటయని తలచువారు పలువురు. అది హిందీలోని చాంపో, అనగా ఒత్తుము, పిసుకుము అను మాటనుండి పుట్టినది. దానిని ఆ దేశమున ప్రసిద్ధికి తెచ్చినవాడు పాట్నాలో 1759లో జన్మించిన దీన్ మహమ్మద్. కంపెనీ సైన్యమున పనిచేసి, 1784లో ఐర్లండునకు పోయి, 1794లో తన ప్రయాణములను ఇంగ్లీషున గ్రంథముగా ప్రకటించెను. భారతీయుడు ఇంగ్లీషున వ్రాసిన మొదటి గ్రంథము అదియేనని చెప్పుదురు. 1810లో లండనులో భారతీయ భోజనశాల పెట్టెను. అది నిలువలేదు. పిమ్మట బ్రైటన్ అను సముద్రతీరపట్టణమున ఆవిరిస్నానములు, ఒడలుపట్టుట ఆరంభించి, నాలుగవ జార్జి రాజునకే ఆ వైద్యుడయ్యెను. ఆ దినములలో షాంపూ అనిన మర్దనమే. తల కడుగుటయను అర్థము పందొమ్మిదవ శతాబ్దపు రెండవభాగమున గాని రాలేదు. మన మర్దనము వారికి పోయినది. నూనె అక్కడనే జారిపోయినది, మర్దించు చేతులును జారిపోయినవి. వట్టి పేరు సీసాలో పడి మనకు తిరిగి వచ్చినది.

తక్కిన కథ త్వరగా చెప్పవచ్చును. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవున దిగినవి. 1903లో బెర్లినులో హాన్స్ ష్వార్జ్‌కోఫ్ నీట కలుపుకొను తలపొడిని అమ్మెను. 1934లో అమెరికాలో డ్రీన్ అను పేర, సబ్బు గాని కృత్రిమద్రవ్యముతో చేసిన షాంపూ బయలుదేరెను. ఇది చౌటినీటను తెట్టెకట్టదు. ఇట సీకాయసబ్బులనియు కొన్ని వచ్చినవి. సబ్బులో సీకాయ చేరినంతమాత్రమున దాని క్షారము పోవునా? పేరు మాత్రము అమ్మకమునకు ఉపకరించెను. ఈలోపల మన పురుషులు పిలకలను, ముడులను విడిచి క్రాపులు పెట్టిరి. కూచిపూడి భామాకలాపమున సత్యభామ వేషము ధరించు పురుషుడు జడను చూపి గర్వించుట వేదికపై నిలిచినది గాని, పురుషుల శనివారపు తలంటు క్రమముగా సడలినది.

1983లో కడలూరులో చిక్ అను షాంపూ పొట్లములలో అమ్మకమునకు వచ్చెను. పొట్లముకట్టి అమ్ము ఆలోచన అంతకుముందే చిన్నికృష్ణన్ అనువారిది. ఆయన కుమారుడు రంగనాథన్ తండ్రిపేరు తలచి ఈ పేరు పెట్టెను. చిల్లరడబ్బులకు ఒక తలస్నానము! దీనిని నిందించుట నాకు ఇష్టము లేదు. ముందు నేను వర్ణించిన తలంటు ఎవరిది? శుక్రవారము ఉదయము గంటసేపు పీటపై కూర్చుండగల ఇల్లాలిది. అదే ఉదయమున నాట్లకు పోవు కూలిస్త్రీకి కాగెడు వేడినీరును, గిద్దెడు నూనెయు, రుద్దు మనిషియు ఎక్కడివి? ఆమె పది నిమిషములలో తల శుభ్రపరచుకొనుటకు పొట్లము ఉపకరించినది. మన పాతవిధానము చెడ్డదై పోలేదు. దానికి కావలసిన తీరిక చాలమందికి ఎన్నడును లేదు.

తీరిక యున్నను అనుమతి లేనివారు వేరొక తెగ. బ్రాహ్మణాది కొన్ని కులములలో భర్త పోయిన స్త్రీకి క్షురకుని పిలిపించి తల గొరిగించుట ఆచారమై యుండెను. బాల్యవివాహములు సాగిన దినములలో వితంతువు అనిన పండ్రెండేండ్ల బాలికయును కావచ్చును. ఆమెకు నూనె లేదు, పువ్వు లేదు, శుక్రవారము లేదు. ఒకే ఇంట, ఒకే ఉదయమున, ఒక కూతురికి జడగంటలు కట్టుచుండగా ఇంకొక కూతురు తెల్లగుడ్డ తలపైకి లాగికొని వంటయింట నుండెడిది. వెండ్రుకను సౌభాగ్యచిహ్నముగా పూజించిన ఇల్లే దానిని తీసివేయుటను శిక్షగా ఎరిగియుండెను. వితంతువుల వివాహమునకు 1856లోనే చట్టము వచ్చినను పాతికయేండ్లవరకు తెలుగునాట అది కాగితముననే యుండెను. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున గౌరమ్మకును గోగులపాటి శ్రీరాములునకును జరిపించిన వివాహమును మనము సంఘసంస్కరణ చరిత్రలో చదువుదుము. కేశపోషణ చరిత్రలో కూడ దానికి చోటు కలదని నా యభిప్రాయము. ఆ వివాహము చెప్పినది ఇంతియే గదా: ఈ తలకును నూనె పెట్టవచ్చును.

ఇప్పుడు, వెండ్రుకలు రాలుచున్నవని విచారపడువారికి ఒక మాట. తలపైనుండి వెలువడిన వెండ్రుక జీవము లేనిది. ప్రాణమంతయు కుదురులో నున్నది. దినమునకు ఏబదినుండి నూరు వెండ్రుకలవరకు రాలుట సహజము. నెలకు పెరుగుట సుమారు ఒక సెంటీమీటరు. గొప్ప జ్వరము వచ్చిన తరువాత, పురుడు వచ్చిన తరువాత, రెండు మూడు నెలలకు దువ్వెనతో కూడ గుత్తులుగా ఊడివచ్చుట కలదు. చాలవరకు అది తనంతట తానే కుదుటబడును. కుదరనిచో కారణము నూనెసీసాలో వెదకరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మనదేశమున పదునైదునుండి నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. దేహమునకు ఇనుము చాలనపుడు అది గుండెకును మెదడునకును ముందు పంచును. వెండ్రుక వంతు చివర వచ్చును. ఇట్టి స్త్రీ నెలకొక క్రొత్తనూనె కొని పట్టించుకొనుచు, రక్తపరీక్షను మాత్రము వాయిదా వేయుచుండును. ఇంటివారును ఆమె జడను చూతురు గాని, పాలిపోయిన ఆమె కనురెప్పలను చూడరు. ఈడు వచ్చిన బాలికకు నువ్వులను బెల్లముతో దంచి చిమ్మిలి పెట్టిన ముసలమ్మలు తలకు రాచు నువ్వును కడుపునకును పెట్టిరి. చిమ్మిలి ఒక్కటియే రక్తహీనతను తీర్చునని నేననను. మాత్ర వ్రాసిన వైద్యుని మాట వినవలసినదే. కాని నువ్వులు ఇనుము గల తిండియే గదా.

పాతవానిలో విడువదగినవియు కలవు. సాంబ్రాణి సుమత్రా మొదలగు తూర్పుదీవులనుండి వచ్చు బంక. దాని పరిమళము నాకును ప్రీతికరమే. కాని పసిబిడ్డను పొగపై పట్టుకొనుట బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిజుట్టును తుండుగుడ్డతో ఫెళ్ళున విదలించుటయు, తడిగా నుండగనే దువ్వుటయు కూడదు. తడిసిన వెండ్రుక సాగి తెగును. నీడపట్టున ఆరనిచ్చి, వెడల్పుపండ్ల కొయ్యదువ్వెనతో కొసలనుండి మొదలిడి పైపైకి చిక్కు తీయవలెను. చుండ్రు గలవారు నూనెను రాత్రియంతయు తలపై నుంచుకొనరాదు. చుండ్రునకు తోడ్పడు బూజువంటి సూక్ష్మజీవికి ఆ నూనెయే ఆహారమగును. అభ్యంగము అందరికిని కాదని వాగ్భటుడు గీచిన హద్దు ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. తక్కినవారికి స్నానమునకు ముందు గంటసేపు చాలును. నీరు గోరువెచ్చగా నుండవలెను. కుంకుడు జిడ్డుతలకు, సీకాయ పొడితలకు. ఏదైనను వడియగట్టి వాడవలెను, లేనిచో ముక్కలు జుట్టున చిక్కుకొని చేసినపని చెడును.

ఈ కాయలు అంగడికి ఎచ్చటనుండి వచ్చుచున్నవో కూడ చెప్పవలెను. కుంకుడుచెట్టు పెరటిలో పెరుగును గాని సీకాయ ఎక్కువగా అడవిది. తూర్పుకనుమలలో గిరిజనులు దానిని కోసి, ఎండబెట్టి, వారపుసంతకు మోసికొని వత్తురు. వారిని దళారులు తూకములలోను ధరలోను మోసగించుట చూచి, 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థను ప్రభుత్వము నెలకొల్పెను. చింతపండు, తేనె, అడ్డాకులతో పాటు కుంకుళ్ళను, సీకాయను అది కొనుచున్నది. సీకాయ చెట్టు కాదు, ప్రాకు తీగ. పెద్దచెట్లమీది కెగబ్రాకి, కొక్కెములవంటి వంకరముళ్ళతో కొమ్మలను పట్టుకొని కాయును. వేసవి ముందరి ఎండలలో ఆ ముళ్ళ మధ్యకు చేతులు చాచియే కాయలు దూయవలెను. మన స్నానపుగదిలో గిన్నెడు పొడియగుటకు ముందు అది కొన్ని చేతులను గీచియే వచ్చినది.